శెనగ్గింజల (వేరుశెనగ) ఉండను ప్రొటీన్ తిండి అనొచ్చా? (పాలు, నెయ్యి లేకుండా)

బొరుగులు (కడప):
పాలు, నెయ్యి, తేనె ఏవీ తగలకుండా సాయంత్రం పూట తినేదానికి ప్రొటీన్ బాగుండేవి ఇంట్లో ఏం చేసుకోవచ్చు? పని ఎక్కువ ఉండకూడదు. శెనగ్గింజల ఉండలు చాలని ఒకరు, అవి ఉత్త కొవ్వని ఇంకొకరు చెప్తాండారు. ఏది నమ్మాల?

శెనగచేను (అనంతపురం):
ఉండలే చేసుకోండి, ఇంతకన్నా సులువైంది లేదు. శెనగ్గింజలు 200 గ్రాములు, పప్పులు (పుట్నాలు) 100, నువ్వులు 50, బెల్లం తురుము 100. గింజలు మందపాటి బాండలిలో సన్న సెగ మీద పది, పన్నెండు నిమిషాలు వేయించాల. సెగ పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, ఆ పచ్చివాసన పొడిలో అట్లే నిలుస్తుంది. నువ్వులు వేరేగా, చిటపటలాడగానే దించేయాల. అన్నీ పూర్తిగా ఆరినాకే మిక్సీ. వేడి మీద వేస్తే గింజలోంచి నూనె దిగి పొడి కాస్తా ముద్దయి బ్లేడుకు అతుక్కుంటుంది. ఆపి ఆపి తిప్పాల. చివర బెల్లం వేసి రెండు తిప్పులు, అంతే. నెయ్యి ఎందుకు? గింజలో నూటికి నలభై పాళ్లు నూనే, ఉండ దానంతట అదే కట్టుకుంటుంది. 18 ఉండలొస్తాయి, ఒక్కోదాంట్లో నాలుగున్నర గ్రాముల ప్రొటీన్.

నల్లరేగడి (కర్నూలు):
ఆ నాలుగున్నర గ్రాముల వెంట 120 క్యాలరీలు కడుపులోకి పోతాయన్నా, అది రాయలేదే. వంద గ్రాముల శెనగ్గింజల్లో ప్రొటీన్ 25 గ్రాములు, కొవ్వు 40, మొత్తం 567 క్యాలరీలు. ఆ క్యాలరీల్లో ప్రొటీన్ నుంచి వచ్చే వాటా నూటికి 18. అదే వంద గ్రాముల పప్పుల్లో ప్రొటీన్ 22 గ్రాములు, కొవ్వు ఐదే, 369 క్యాలరీలు. వాటా 24. బాండలిలో చెంచా నూనె, కరివేపాకు, దంచిన ఎల్లిగడ్డ, కారం, ఉప్పు వేసి వంద గ్రాముల పప్పులు రెండు నిమిషాలు తిప్పితే అయిపోయె. ఎల్లిగడ్డ తేమ పూర్తిగా పోయినాకే పప్పులు వేయండి, లేకుంటే మరుసటి రోజుకే మెత్తబడతాయి.

గండికోట:
శెనగ్గింజల పొట్టు తీయాలా, వద్దా?

శెనగచేను:
తీయొద్దు. పొట్టులో పీచు ఉంటుంది.

నల్లరేగడి:
తీయాల. పొట్టుంటే ఉండ చేదెక్కుతుంది, పొడి నునుపు రాదు.

శెనగచేను:
చేదు పొట్టుతో రాదు, మాడ్చడంతో వస్తుంది.

నల్లరేగడి:
సన్న సెగ మీద వేయించినా పొట్టుకు వగరుంది. పిల్లలు వెంటనే పసిగడతారు.

పెన్నఒడ్డు:
పొట్టు గొడవ పక్కన పెట్టండి. గింజను చూసుకోండి ముందు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఒక్కొక్కటే ఏరి పారేయాల. బూజుతో వచ్చే ఆఫ్లటాక్సిన్ అనే విషం వేయిస్తే పూర్తిగా పోదు. వానకు తడిసి సరిగా ఎండని కాయ చవగ్గా వచ్చిందని కొనొద్దు.

శెనగచేను:
ఈ మాట నిజం. ఒలిచిన గింజ కంటే కాయ కొని ఇంట్లో ఒలుచుకోవడం మేలు. మా పక్క కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కే-6 రకం గింజ ఎక్కడైనా దొరుకుతుంది, ఉండలకు బాగుంటుంది.

ఉలవకట్టు (అనంతపురం):
ఇద్దరూ ఉలవలు మర్చిపోయినారు. వందకు 22 గ్రాముల ప్రొటీన్, కొవ్వు అర గ్రాము. రాళ్లుంటాయి, గాలించాల్సిందే. పది గంటలు నానబెట్టి, నీళ్లొంచి, గుడ్డలో కట్టి ఒక రోజు ఉంచితే మొలక వస్తుంది. కుక్కర్లో నాలుగు విజిల్లు, ఉప్పు చివర. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, నిమ్మకాయ పిండితే గుగ్గిళ్లు. ఎండాకాలం మన ఎండలకు గుడ్డలో మూట పులిసిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కడగాల, మొలక కనపడగానే ఫ్రిజ్‌లో పెట్టాల. జిగురు, పుల్లవాసన వస్తే పారేయడమే. ఇంకోటి, వందకు 22 అనేది ఎండు గింజ లెక్క. ఉడికినాక నీళ్లు పీల్చుకుని రెండింతలకు పైగా బరువెక్కుతుంది. వంద గ్రాముల గుగ్గిళ్లలో తొమ్మిది గ్రాములు ఉంటే గొప్ప. మొలకెత్తితే ప్రొటీన్ పెరుగుతుందని రాసేవాళ్లు ఈ సంగతి చూసుకోవాల.

గండికోట:
ఎండాకాలం ఉలవలు వేడి చేస్తాయంటారు.

శెనగచేను:
నల్లరేగడన్నా, మీ లెక్క మీకే చూపిస్తా. 200 గ్రాముల పప్పులు, 50 గ్రాముల శెనగ్గింజలు, 80 గ్రాముల బెల్లంతో పప్పులుండ కడితే 1,327 క్యాలరీలు, 58 గ్రాముల ప్రొటీన్. వాటా పదిహేడున్నర. నా ఉండలో పదిహేను. రెండున్నర పాళ్ల తేడాకు శెనగ్గింజలను కొవ్వు ముద్దలంటే ఎట్ల? పైగా గింజ తగ్గిస్తే ఉండ నిలబడదు, చేతిలోనే పొడిపొడిగా రాలిపోతుంది.

నల్లరేగడి:
ఉండ కట్టమని నేనెప్పుడు చెప్పినా? పప్పులను ఉండ కట్టినా, గింజలను కట్టినా బెల్లం పడితే వాటా పడిపోతుందని మీ లెక్కే చెప్తాంది. ఉండ అనేదే వద్దంటున్నా. పైగా శెనగ్గింజల ప్రొటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో ఎక్కువ.

శెనగచేను:
పప్పుల్లో మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం తక్కువ, నువ్వుల్లో ఎక్కువ. అందుకే మూడూ కలిపినా. మీరు కొలత సరిగా చదవకుండానే రాసినారు.

పెన్నఒడ్డు:
అవన్నీ ఒకే ముద్దలో ఉండాలని లేదు. ఆ రోజు తిన్న అన్నం, పప్పు, సంగటి అన్నీ కలిసే లెక్క.

నల్లరేగడి:
చదివినా. శెనగ పండే జిల్లా కాబట్టి ప్రతి జబ్బుకూ శెనగ్గింజలే మందని మీ వాదన. వాటికి వందలో 40 గ్రాముల కొవ్వుందని ఎవరన్నా చెబితే జిల్లాను తిట్టినట్టు కాదు.

శెనగచేను:
జిల్లాను మధ్యలోకి తెచ్చింది మీరు. జిమ్ముల్లో డబ్బాలు అమ్మేవాళ్లు చెప్పే మాటే మీరూ చెప్తున్నారు, కొవ్వు అనగానే భయం. పొద్దున తిని బడికి పోయి, సాయంత్రం దాకా ఎగిరే పిల్లోడికి 120 క్యాలరీలు ఎక్కువా? కలుపు తీసి వచ్చిన మనిషికి ఎక్కువా? వాళ్లకు ప్రొటీన్ ఎంత కావాలో శక్తి కూడా అంత కావాల. శక్తి చాలకపోతే ఒళ్లు ప్రొటీన్‌నే కాల్చుకుంటుంది. మీ కారం పప్పులు వాళ్లకు ఏ మూలకు?

నల్లరేగడి:
ఇప్పుడు చెప్పినారు అసలు సంగతి. మీ మనసులో పిల్లోడు, పొలం మనిషి ఉన్నారు. నేను రాసేది రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు. వాళ్ల కంచంలో అన్నం ఎక్కువ, పప్పు తక్కువ. పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. అందులో పదో, పన్నెండో సాయంత్రం తిండితో పూడ్చాలంటే మీ ఉండలు మూడు తినాల. 360 క్యాలరీలు, అందులో 17 గ్రాముల బెల్లం. షుగర్ మనిషికి అది పెడతారా? బెల్లం ఆరోగ్యమని పెట్టేవాళ్లను చూసే నాకు కోపం.

శెనగచేను:
షుగర్ ఉన్నవాళ్లకు పెట్టమని నేను అనలేదు. అడిగినామె ఎవరికో చెప్పలేదు.

బొరుగులు:
పదేళ్ల కొడుక్కి, షుగర్ ఉన్న మా అత్తమ్మకు. ఇద్దరికీ ఒకటే చేయాలనుకున్నా.

గుంతపొంగణం (కడప):
ఒకటే కావాలంటే అలసంద (బొబ్బర్లు) పొంగణాలు చేయక్కా. అలసందలు 200 గ్రాములు, 48 గ్రాముల ప్రొటీన్. ఐదు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా ఒంచేసి, అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్రతో గట్టిగా రుబ్బాల. పులియబెట్టే పనిలేదు. ఉప్పు, ఉల్లిగడ్డ పోసే ముందే కలపాల, చాలా ముందుగా కలిపితే నీరు వదిలి పిండి జారుతుంది. గుంతకు రెండు చుక్కల నూనె, మూత పెట్టి నడిమి సెగ. పిండి జారుగా ఉంటే పైన ఎర్రగా కాలి నడుమ పచ్చి మిగులుతుంది. వడలైతే నూనె తాగుతాయి, అందుకే పొంగణం.

ప్రొటీన్ ఇంకా కావాలంటే 50 గ్రాముల మీల్‌మేకర్ కలుపు, 25 గ్రాములు పెరుగుతాయి. ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, చల్లనీళ్లలో రెండుసార్లు కడిగి, గుప్పిట్లో పెట్టి చుక్క మిగలకుండా పిండాల. సోయా వాసన పోయేది అప్పుడే. పిండకపోతే పొంగణం విరిగిపోతుంది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి పిండిలో కలుపు.

శెనగచేను:
పొంగణాలు బాగుంటాయి. పిల్లోడికి మాత్రం ఊరుబిండి (రోటి పచ్చడి)తో పెట్టండి, శెనగ్గింజలు ఎక్కువ వేసి. ఉండలు డబ్బాలో గాలి తగలకుండా పెడితే రెండు వారాలు నిలుస్తాయి, తడి చెయ్యి పెట్టొద్దు. ముక్కిన వాసన వస్తే ఆపేయాల. పిల్లోడికి రోజుకు రెండు ఉండలు పెట్టినా తప్పులేదని ఇప్పటికీ అంటా.

నల్లరేగడి:
ఒకటి చాలు. అత్తమ్మకు ఊరుబిండి రెండు చెంచాలకు మించొద్దు, పొంగణాలు నాలుగైదు, ఆ పూట అన్నం తగ్గించి. పొంగణాలు అన్నం మీద అదనంగా తింటే లాభం లేదు. షుగర్ మందులు వాడుతుంటే అన్నం ఎంత తగ్గించాలో డాక్టర్‌ను అడిగి చేయండి.

బొరుగులు:
అలసందలు ఇప్పుడే నానేసినా. మీల్‌మేకర్ రేపు.