మా ఊరి యానాది పిల్లాడి అలారాన్ని సారు నమ్మలేదు, ఏం చేయాలి?

మాది అల్లూరు వైపు. మా దగ్గర ట్యూషన్‌కొచ్చే తొమ్మిదో తరగతి పిల్లాడు, యానాదులు, వాళ్ల నాన్న రొయ్యల గుంట దగ్గర కాపలా. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) ఆగి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు చస్తాయి కదా, అందుకని పాత రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), బ్యాటరీ, బజర్‌తో అలారం చేశాడు. కరెంటు ఉన్నంతసేపు రిలే లాక్కుని ఉంటుంది, పోగానే వదిలేస్తుంది, బజర్ మోగుతుంది. సైన్స్ సారు "ఎవరు చేసిచ్చార్రా?" అని అడిగి ఇన్‌స్పైర్ మానక్‌కి (బడి పిల్లల సైన్స్ ఐడియాలకి కేంద్రం ఇచ్చే అవార్డు) వేరే పిల్లల పేర్లు పంపాడు. వీడు బడికే పోనంటున్నాడు.

కావలి నుంచి: అన్నా, ముందు హెడ్‌మాస్టర్‌ని కలవండి. ఒక్కో బడి నుంచి ఐదు ఐడియాలు పంపొచ్చు, ఖాళీ ఉందేమో అడగండి. ఎంపికైతే 10,000 రూపాయలు పిల్లాడి ఖాతాలోకే వస్తాయి, కాబట్టి ఖాతా, ఆధార్ సరిచూడండి. యానాదుల పిల్లలకి చాలాసార్లు కాగితాల దగ్గరే ఆగిపోతుంది.

కందుకూరు టీచర్‌ని: సారు ఆ మాట అడిగిన తీరే తప్పు. ఎలా పనిచేస్తుందో చెప్పమంటే పిల్లాడే చెప్పేవాడు. సర్క్యూట్ బొమ్మ, మార్పులు తేదీలతో నోటుబుక్‌లో రాయించండి, గుంట దగ్గర వీడియో తీయండి. కులం పేరుతో తిడితే మాత్రం ఊరుకోవద్దు, 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం ఉంది.

ఒంగోలు నుంచి: భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహాని చదువుకునే రోజుల్లో కలకత్తా హాస్టల్లో కులం వల్ల విడిగా కూర్చోబెట్టి తిండి పెట్టారు. నక్షత్రాల వర్ణపటాన్ని (వెలుగు విడిపోతే కనిపించే రంగుల పట్టీ) అర్థం చేసుకోడానికి 1920లో ఆయనిచ్చిన సమీకరణమే ఆధారమైంది. ఆ పిల్లాడికి చెప్పండి.

అడిగినవాణ్ని: రేపు వాళ్ల నాన్నని తీసుకుని హెడ్‌మాస్టర్ దగ్గరికి పోతున్నా. అలారం కూడా పట్టుకుపోతాం, మాట్లాడేది మాత్రం పిల్లాడే.