యాక్సిలరేటర్ తొక్కితే బండి వణుకుతోంది: తప్పు ఈ20 పెట్రోలుదా, మన మెయింటెనెన్స్‌దా?

పటమట
నాది 2017 మోడల్ పెట్రోల్ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా మూడో గేరులో కాస్త గట్టిగా తొక్కితే ముందు వైపు నుంచి వణుకు, కాలు తీయగానే ఆగిపోతోంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ, పిల్లలు వెనక సీట్లో భయపడుతున్నారు. ఒక షెడ్డులో ఎడమ చక్రం వెనకాల చూసి యాక్సిల్స్ (ఇంజిన్ శక్తిని చక్రాలకి అందించే కడ్డీలు) రెండూ మార్చాలన్నారు. ఇంకో షెడ్డులో బండి తోలి చూడకుండానే "ఇప్పుడొచ్చే ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే సార్, ఏం చెయ్యలేం" అన్నారు. మా బావగారిదీ అదే మాట. నిజంగా పెట్రోలు వల్ల ఇలా అవుతుందా? అవునంటే ఎందుకు, కాదంటే ఎందుకు, కాస్త వివరంగా చెప్పండి.

బ్రాడీపేట
అవుతుందండీ, ఎందుకు అవ్వదు? 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బళ్ళలో చాలావాటికి మాన్యువల్లో ఈ10, అంటే 10 శాతం ఇథనాల్ వరకే అని ఉంటుంది. ఇప్పుడు దాదాపు ఏ బంకుకి వెళ్ళినా 20 శాతం ఇథనాలే, వద్దంటే వేరేది దొరకడం కష్టం. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మురికిని కదిలించి ఫిల్టర్‌లోకి తోస్తుంది. లీటరుకి వచ్చే శక్తి కూడా మామూలు పెట్రోలు కంటే తక్కువే. పాత కార్లకి మైలేజి 6, 7 శాతం పడిపోవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాశారు. నాది 2014 బండి. పోయిన ఏడాది నుంచి పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణుకు, ఎత్తు ఎక్కితే వణుకు. అంతకు ముందు ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా లేదు. దీన్ని మెయింటెనెన్స్ లోపం అంటే నేను ఒప్పుకోను.

ఆటోనగర్ షెడ్డు
22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. బ్రాడీపేట గారు చెప్పిన విషయాలు తప్పు కాదు, కానీ వణుకు అనగానే పెట్రోలు అనేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. అన్ని వణుకులూ ఒకటి కాదండీ.

పటమట గారూ, ముందు ఈ పని చేయండి. ఖాళీ రోడ్డు మీద 50లో మూడో గేరులో ఒకసారి, అదే 50లో నాలుగో గేరులో ఇంకోసారి తొక్కి చూడండి. స్పీడు అదే, ఇంజిన్ తిరిగే వేగం మారింది. వణుకు తీరు కూడా దాంతో మారితే ఇంజిన్ వైపు చూడాలి, మారకపోతే చక్రాలు, యాక్సిల్ వైపు. యాక్సిల్ లోపలి జాయింట్ అరిగితే పికప్ తగ్గదు, బండి లాగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, కాలు తీస్తే శాంతిస్తుంది. బయటి జాయింట్ అయితే పూర్తిగా స్టీరింగ్ తిప్పినప్పుడు టకటకమంటుంది. మిస్సింగ్, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, అలా ఉండదు, ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు జర్క్ కొడుతుంది, పికప్ చచ్చిపోతుంది. 80, 90 దాటాక తొక్కినా తొక్కకపోయినా స్టీరింగ్ వణుకుతుంటే అది వీల్ బాలెన్సింగ్, దానికి ఇంజిన్ విప్పక్కర్లేదు.

ఇక పెట్రోలు సంగతి. నాలుగు సిలిండర్లూ తాగేది ఒకే ట్యాంకులోది. పెట్రోలే చెడ్డదైతే నాలుగూ ఇబ్బంది పడాలి. బండి కంప్యూటర్‌కి స్కానర్ పెట్టిస్తే లోపం ఎక్కడో చెప్పే కోడ్ వస్తుంది: పీ0300 అంటే అక్కడా ఇక్కడా మిస్సింగ్, పీ0301 నుంచి పీ0304 అంటే ఫలానా సిలిండర్ అని వేలు పెట్టి చూపిస్తుంది. పీ0171 వస్తే పెట్రోలు తక్కువ అందుతోందో గాలి ఎక్కువ లాగుతోందో చూడాలి, అప్పుడు పెట్రోలు మీద అనుమానం పెట్టుకోవచ్చు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం బండి తోలకండి, కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి పోయి అది ఎర్రగా కాలిపోతుంది.

బ్రాడీపేట
ఒకే సిలిండర్ కోడ్ వస్తే పెట్రోలు కాదు అనడం నేను పూర్తిగా ఒప్పుకోనండీ. కదిలిన మురికి సిలిండర్‌కి పెట్రోలు చిమ్మే ఒక్క ఇంజెక్టర్‌లో అడ్డుపడితే? అప్పుడు కూడా ఒక్క సిలిండరే కదా చూపించేది!

ఆటోనగర్ షెడ్డు
మంచి మాట అన్నారు, అది నిజమే. అందుకే కోడ్ చూసి ఆగిపోకూడదు. రెండో సిలిండర్ చూపిస్తే దాని ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ తీసి మూడోదానికి వేయాలి, మూడోది రెండోదానికి. కోడ్ చెరిపి మళ్ళీ తోలాలి. కోడ్ మూడుకి మారితే కాయిల్ పోయింది. రెండు దగ్గరే ఉండిపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) వరసగా చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, అరగంట కూడా పట్టదు. ఇది చేయకుండా వేలకి వేలు యాక్సిల్స్ మార్పించే వాళ్ళని చూస్తే కడుపు మండుతుంది.

సింగ్‌నగర్
2024 సెప్టెంబరులో విజయవాడలోకి బుడమేరు వరద నీళ్ళు వచ్చినప్పుడు మా బండి సీట్ల దాకా మునిగింది. బాగు చేయించాక ఆరు నెలలు బానే తిరిగి తర్వాత వణుకు మొదలైంది. అందరూ పెట్రోలే అన్నారు. చివరికి చూస్తే కాయిల్‌కి వెళ్ళే కనెక్టర్‌లో పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఆ వరదలో మునిగిన బండి ఎవరిదైనా ఉంటే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా సరే, ముందు వైరింగ్ చూపించుకోండి.

పటమట
నిన్న స్కానర్ పెట్టించాను. పీ0302. కాయిల్స్ రెండూ అటూ ఇటూ మార్చి వారధి దాకా వెళ్ళి వచ్చేసరికి పీ0303 అయింది. కాయిల్ ఒకటి, ప్లగ్గులు నాలుగూ కొత్తవి వేయించాను. తీసిన ప్లగ్గుల్లో ఒకదాని తెల్ల పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటి నల్ల చార పైనుంచి కిందికి ఉంది. కరెంటు అక్కడి నుంచే బయటికి దూకుతోందని మెకానిక్ చూపించాడు. మొదటి నుంచీ ఉన్నవే ఆ ప్లగ్గులు, మార్పించాలన్న సంగతే నాకు తెలియదు. ఫ్లైఓవర్ ఎక్కితే జర్క్ లేదు. కానీ 60 దగ్గర గట్టిగా తొక్కితే సన్నటి ఊపు ఇంకా ఉంది. ఎడమ వైపు యాక్సిల్ లోపలి రబ్బరు బూటు చిరిగి, గ్రీజు చుట్టుపక్కలంతా చిమ్మి ఉంది. అంటే యాక్సిల్ అన్న షెడ్డు వాళ్ళ మాట సగం నిజమే, రెండూ మార్చాలన్నదే ఎక్కువ. ఎడమది ఒక్కటే చేయిస్తున్నాను.

బ్రాడీపేట
సంతోషం. మీ బండికి కాయిలే, ఒప్పుకుంటున్నాను. నా మైలేజి 17 నుంచి 15కి పడిపోయింది, దానికేమంటారు?

ఆటోనగర్ షెడ్డు
కొంత పెట్రోలు వల్ల పడే ఉంటుంది, కాదనను. కానీ 17 నుంచి 15 అంటే 12 శాతం దాకా, అంతా ఇథనాల్ లెక్కలో వేయలేం. పొద్దున్నే వణుకు అంటున్నారు కాబట్టి బంకులో పోయించిన పెట్రోలు ఒక గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. ఈ20 కొంచెం నీటిని తనలో కలిపేసుకుంటుంది, హద్దు దాటితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగుతాయి. ఆ గీత కనిపిస్తే పెట్రోలుదే తప్పని నేనే రాసిస్తాను. బండి కూడా తీసుకురండి.

బ్రాడీపేట
సోమవారం వస్తాను. సీసా తెస్తాను, ప్లగ్గులు మాత్రం నా ముందే విప్పాలి.