మీ ఎమ్మెల్యే మీకు ఏం చెప్తున్నారు, ఎలా చెప్తున్నారు? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రాయండి

శివారు_రైతుబిడ్డ | సోమవారం ఉదయం 7:10
అందరికీ నమస్కారం. మాది వంశధార ఎడమ కాలువ శివారు ఊరు. నియోజకవర్గం పేరు రాయను, పార్టీ గొడవ కూడా వద్దు. నాకు మూడు విషయాలు తెలియాలి. మీ ఎమ్మెల్యే సంగతులు మీకు ఏ దారిలో చేరుతున్నాయి, వాట్సాప్ గ్రూపా, కరపత్రమా, ఊళ్లో మీటింగా? అసెంబ్లీలో ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు అన్నది ఎవరైనా చెప్తున్నారా? మా ఊరి కుర్రాళ్లం నెలకో కాగితం రాసి పంచాయతీ బోర్డుకి అతికిద్దామనుకుంటున్నాం, అందులో ఏం రాస్తే జనానికి పనికొస్తుంది?
ఎందుకు అడుగుతున్నానంటే, నిరుడు మా ఎమ్మెల్యే గ్రూపులో "గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాం" అని ఫొటో వచ్చింది. కాలువలో పసుపు, కుంకుమ, పూలు చల్లుతున్న ఫొటో. అది చూసి మా నాన్న మర్నాడే విత్తనం నానబెట్టి ఆకుమడి పోశారు. నీళ్లు మా మదుము (కాలువ తూము) దాకా వచ్చేసరికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఈలోగా ఆకుమడి ఎండిపోయింది. మళ్లీ విత్తనం కొన్నాం. ఫొటోలో అబద్ధం ఏమీ లేదు. శివారుకి ఎప్పుడొస్తాయన్న ఒక్క ముక్క రాసి ఉంటే మాకు ఆ ఖర్చు తప్పేది.

జీడితోట | సోమవారం 7:42
మా గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి లేదు. పుట్టినరోజు శుభాకాంక్షలు, శంకుస్థాపనలు, పరామర్శలు, అంతే. 80 కేజీల జీడి పిక్కల బస్తాకి గిట్టుబాటు ధర గురించి సభలో మాట్లాడారో లేదో తెలుసుకోవాలని రెండేళ్లుగా చూస్తున్నాను. ఒక్క ముక్క రాలేదు.

సూపరింటెండెంట్_రిటైర్డ్ | సోమవారం 8:15
మండల పరిషత్తులో, జిల్లా పరిషత్తులో కలిపి 34 ఏళ్లు చేశాను. ఈ విషయం నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉండరనుకుంటాను. వాట్సాప్ సంగతి పక్కన పెట్టండి. ఎమ్మెల్యే మండల పరిషత్తులోనూ, జిల్లా పరిషత్తులోనూ హోదా రీత్యా సభ్యుడు. సర్వసభ్య సమావేశానికి వచ్చి ఏ శాఖ అధికారినైనా నిలబెట్టి అడగొచ్చు. ఆ మినిట్స్ పుస్తకం చూస్తే ఆయన ఎన్ని మీటింగులకు వచ్చారు, ఏం అడిగారు అంతా దొరుకుతుంది. సమాచార హక్కు కింద దరఖాస్తు చేయండి. పంచాయతీలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి.
ఇక అసెంబ్లీ. రోజు మొదలవగానే ప్రశ్నోత్తరాల గంట. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబు వస్తుంది. ఇది 175 మంది ఎమ్మెల్యేల్లో ప్రతి ఒక్కరికీ ఉన్న హక్కు.

జలుమూరు_గట్టు | సోమవారం 8:31
శివారు తమ్ముడూ, నీళ్లు 23 రోజులు ఆలస్యం అయితే అది ఎమ్మెల్యే ఫొటో తప్పా? కాలువలో గుర్రపు డెక్క, తుంగ పేరుకుపోయి ఉంటే నీళ్లు ఎలా నడుస్తాయి? పూడిక తీయించమని వేసవిలో అడగాలి గానీ.

శివారు_రైతుబిడ్డ | సోమవారం 8:40
అన్నా, పూడిక ఒక్కటే కాదు. ఎగువన ఇంజిన్లు పెట్టి తోడేస్తున్నారు. కాలువ గట్టు మీద సైకిల్ వేసుకుని నేనే వెళ్లి చూశాను. ఒక్క కిలోమీటరులో పదకొండు ఇంజిన్లు లెక్కపెట్టాను.

జలుమూరు_గట్టు | సోమవారం 8:52
తోడక ఏం చేస్తాం? మా మిట్ట పొలాలకి మదుము నుంచి నీళ్లు ఎక్కవు. కాలువ తవ్వినప్పుడు మా తాతల భూమే పోయింది. మమ్మల్ని దొంగల్లా మాట్లాడితే ఊరుకోను.

టెక్కలి_దిగువ | సోమవారం 9:05
తాతల భూమి పోయిందని మా పంట ఎండగట్టొచ్చా? మేము ఆగస్టు నెలాఖరుకి ఉభాలు (నాట్లు) పూర్తి చేయలేకపోతే కార్తీకం దాటాక మంచుకి పొల్లు పడుతుంది. మీకు జూలైలోనే ఉభాలు అయిపోతాయి. నాట్లు మానేసి నేరుగా ఎదలు (విత్తనాలు) చల్లుకోమంటారు ఆఫీసర్లు. ఎదలు చల్లినా ఒక తడి కావాలి కదా!

జలుమూరు_గట్టు | సోమవారం 9:11
మా బాధ మీకు తెలియదు. ఒక్క రోజు వచ్చి మా గట్టు మీద నిలబడి చూడండి, అప్పుడు మాట్లాడండి.

అమ్మవారి_వీధి | సోమవారం 9:30
విజయనగరం నుంచి. మీరంతా నీళ్ల దగ్గరే ఆగిపోయారు. మా టౌన్లో సమస్య వేరు. సిరిమానోత్సవానికి ముందు మూడు వారాలు అన్ని రోడ్లూ బాగవుతాయి, ఆ సంగతులన్నీ పోస్టుల్లో వస్తాయి. తాగునీరు ఏ వీధికి ఏ రోజు ఏ టైముకి వస్తుందో మాత్రం ఏ నాయకుడి పేజీలోనూ ఉండదు. మా ఎదురింటి పిన్నిగారు తెల్లారి నాలుగింటికి లేచి కుళాయి దగ్గర చెవి పెట్టి వింటారు. గాలి శబ్దం వస్తే నీళ్లు రాబోతున్నాయని అర్థం. ఆ శబ్దం విని ఆవిడ వీధిలో తలుపులు కొడతారు. మాకు సమాచారం ఇచ్చేది ఆవిడే.

ఉత్తరాంధ్ర_పాఠకుడు | సోమవారం 10:20
సూపరింటెండెంట్ గారూ, "ప్రతి ఒక్కరికీ" అన్నారు, అది సరికాదు. మంత్రి అయినవారు ప్రశ్నలు వేయరు, జవాబు చెప్తారు. స్పీకర్ కూడా అడగరు. మన ప్రాంతానికి ఇది తెలియాల్సిన విషయం. ఎచ్చెర్ల నుంచి గెలిచిన ప్రతిభా భారతి గారు 1999లో స్పీకర్ అయ్యారు, ఆమదాలవలస నుంచి గెలిచిన తమ్మినేని సీతారాం గారు 2019 నుంచి 2024 దాకా స్పీకర్‌గా ఉన్నారు. అలాంటి చోట ఆ అయిదేళ్లూ మన ఎమ్మెల్యే ప్రశ్నల జాబితాలో కనిపించలేదే అని వెతికితే లాభం లేదు. లేఖలు, సమీక్షలు చూడాలి.

సూపరింటెండెంట్_రిటైర్డ్ | సోమవారం 10:48
నేను మామూలు సభ్యుల గురించి రాశాను. మంత్రులు అడగరన్న సంగతి నాకు తెలియదా? 34 ఏళ్ల సర్వీసులో అయిదుగురు కలెక్టర్లు నా నోట్ ఫైలు చూసి మెచ్చుకున్నారు.

ఉత్తరాంధ్ర_పాఠకుడు | సోమవారం 10:55
మీ సర్వీసు మీద నాకు గౌరవం ఉంది సార్. రాసింది చదివే కుర్రాళ్లు దాన్నే కాగితం మీద ఎక్కిస్తారని చెప్పాను, అంతే.

రాజాం_రోడ్డు | సోమవారం 11:30
2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలో కలిశాయి. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఆ రోజు ర్యాలీలు, కేకులు అన్నీ చూశాం. ఏ శాఖ ఫైలు ఎక్కడికి పోయింది, ఏ పనికి ఎటు బస్సెక్కాలి అని ఒక్క కాగితం ఎవరూ పంచలేదు. మా అమ్మ వికలాంగుల సర్టిఫికెట్ పని మీద ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడ కాదు ఇక్కడ అన్నారు, ఇక్కడికొస్తే ఫైలు ఇంకా రాలేదన్నారు. కర్ర ఊతంతో నడిచే మనిషిని నాలుగుసార్లు తిప్పాను. ఎమ్మెల్యే అన్న మనిషి చేయాల్సింది అలాంటి రోజుల్లోనే అని నా గట్టి అభిప్రాయం.

సర్వే_నంబరు_బాధితుడు | సోమవారం 12:15
మా జిరాయితీ (సొంత పట్టా) భూమి 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో పడింది. చెల్లి పెళ్లికి అర ఎకరం అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదన్నారు. ఎమ్మెల్యే గారి దగ్గరికి వెళ్లాం. మర్యాదగా కూర్చోబెట్టి, అధికారులకి లెటర్ ఇచ్చారు. సాయంత్రానికి ఆ లెటర్ ఫొటో గ్రూపులో పెట్టారు, "రైతుకు అండగా" అని. నాన్న పేరు, ఊరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు అన్నీ కనిపిస్తున్నాయి. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు. "మేం తీయిస్తాం, ఇంత ఇవ్వండి" అని. నాన్న బీపీ మనిషి, ఫోన్ మోగితే టెన్షన్. చివరికి సిమ్ మార్చాం. భూమి ఇంకా జాబితాలోనే ఉంది.
కాగితం వేసే తమ్ముళ్లకి ఒక్క మాట. మనిషి పేరు, నంబరు వేయకండి. ఏ ఆఫీసులో, ఏ అర్జీతో, ఏ కాగితాలు జత చేసి ఇవ్వాలో అది వేయండి. మాకు లెటర్ ఇచ్చారు గానీ అది ఎవరూ చెప్పలేదు.

మాజీ_ఆఫీసు_కుర్రాడు | సోమవారం 1:05
నేను ఒక ఎమ్మెల్యే ఆఫీసులో మూడేళ్లు సోషల్ మీడియా చూశాను. లెటర్ ఫొటో పెట్టడం తప్పే, మేమూ అలా చేశాం, తర్వాత నంబర్ల మీద నల్ల గీత గీయడం మొదలుపెట్టాం. కానీ మా వైపు నుంచీ వినండి. పొద్దున్న ఆరింటికే గుమ్మం ముందు అరవై మంది. ఆసుపత్రి బిల్లులు, పింఛన్లు, కాలేజీ సీట్లు. ఎమ్మెల్యే గారు సభలో అడిగిన ప్రశ్న, మంత్రి జవాబు టైపు చేసి పెడితే నలుగురు చదివారు. గుడిలో కొబ్బరికాయ కొట్టిన ఫొటోకి వెయ్యి లైకులు. జనం ఏది చూస్తే అదే పెట్టమని పైనుంచి ఒత్తిడి.

జీడితోట | సోమవారం 1:12
నలుగురు చదివితే ఆ నలుగురి కోసం పెట్టాలి. ఆ నలుగురే కల్లం దగ్గర నలభై మందికి చెప్తారు.

బీల_పక్క_ఊరు | సోమవారం 2:40
సోంపేట నుంచి. సమాచారం అందకపోతే ఏమవుతుందో మా ఊళ్లు చూశాయి. థర్మల్ ప్లాంటు కోసం బీల (చిత్తడి) భూములు ఇచ్చేశారని మాలో చాలామందికి పనులు మొదలయ్యే దాకా సరిగ్గా తెలియదు. 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర (చిత్తడి నేలల) దగ్గరా అదే జరిగింది.
పెద్ద ప్రాజెక్టుకి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి, ముసాయిదా నివేదిక కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్తులో, స్థానిక సంస్థ ఆఫీసులో జనం చూడడానికి ఉంచాలి. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌లోనే ఉంది. ఆ నోటీసు మా జాలర్ల పేటలో ఎవరు చదువుతారు? తెలుగులో ఒక పేజీ చేసి ఊరికి పంపితే ఎమ్మెల్యే సొమ్మేం పోతుంది? మీ కాగితంలో మొదటి పేజీలో అది ఉండాలి. నేను బతిమాలి చెప్తున్నాను.

కవిటి_కొబ్బరి | సోమవారం 3:20
కిడ్నీ జబ్బులతో బాధపడే మా ఉద్దానంలో కూడా అంతే. హిరమండలం రిజర్వాయరు నుంచి 700 కోట్ల సుజలధార పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది, సంతోషం. మా అన్నయ్య డయాలసిస్ మీద ఉన్నాడు, వారానికి రెండుసార్లు. మాకు కావలసిన సమాచారం ఏమిటంటే, పైపులో వచ్చే నీళ్లను ఎప్పుడు పరీక్ష చేశారు, అందులో ఏం తేలింది, పైపు పగిలితే ఎన్ని రోజులు రాదు. మా వదిన ఆ పైపు నీళ్లు రాని రోజు మళ్లీ బోరు నీళ్లే పడుతుంది. పట్టినప్పుడల్లా బిందె వైపు చూసి ఆగిపోతుంది.

బొబ్బిలి_బావ | సోమవారం 4:02
చట్టాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా బావమరిదికి ముగ్గురు పిల్లలు. సర్పంచిగా నిలబడాలని కోరిక. ఇద్దరు కంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి పనికిరారన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఉండేది. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. మా ఊళ్లో మొన్నటి దాకా ఎవరికీ తెలియదు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, అప్పట్లో వాడు నామినేషన్ వేయలేక వెనక్కి తగ్గాడు. ఇప్పుడూ టీ కొట్టు దగ్గర "నీకు కుదరదురా" అనే అంటున్నారు, వాడు నమ్మేశాడు. ఎమ్మెల్యేలు కూర్చునే సభలోనే పాసైన బిల్లు అది. ఊరికొచ్చి రెండు నిమిషాలు చెప్తే ఎంత బావుండేది!

పాలకొండ_పిల్ల | సోమవారం 4:20
బావగారూ, ఎంపీటీసీకి కూడా వర్తిస్తుందా?

బొబ్బిలి_బావ | సోమవారం 4:26
వర్తిస్తుందమ్మా, జడ్పీటీసీకి కూడా. మున్సిపాలిటీలకి అదే సమయంలో వేరే బిల్లు పెట్టి తీసేశారు.

సూపరింటెండెంట్_రిటైర్డ్ | సోమవారం 5:10
కాగితం వేసే అబ్బాయికి. అసెంబ్లీ వెబ్‌సైట్‌లో ప్రశ్నలు, జవాబులు, సభా చర్చల రికార్డు ఉంటాయి. మీ ఎమ్మెల్యే పేరుతో వెతికి, ప్రశ్న ఒక వాక్యం, జవాబు ఒక వాక్యం రాయండి. జవాబులో "పరిశీలనలో ఉంది" అని ఉంటే అదే మాట రాయండి, మీ సొంత అర్థం చేర్చొద్దు. ఆరు నెలల తర్వాత అదే పని మీద మండల ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రాయడం రాకపోతే ముసాయిదా నేను రాసిస్తాను. పాఠకుడు గారు తప్పులు చూస్తారు.

ఉత్తరాంధ్ర_పాఠకుడు | సోమవారం 5:18
తప్పకుండా చూస్తాను సార్.

అమ్మవారి_వీధి | సోమవారం 5:40
పంచాయతీ బోర్డుకి వద్దు బాబూ. తాళం వేసిన గేటు లోపల ఉంటుంది, వానకి తడుస్తుంది. రేషన్ షాపు దగ్గరో, రామమందిరం అరుగు మీదో చూరు కింద అతికించండి. అక్షరాలు పెద్దవి వేయండి, ముసలివాళ్లు చదవాలి.

జలుమూరు_గట్టు | సోమవారం 9:35
పొద్దున్న కోపంలో రాశాను. శివారు తమ్ముడూ, మా ఊరి వంతెన దగ్గర కొలత రాయి ఉంది. దాని మీద మూడో గీత మునిగితేనే నీళ్లు కిందికి పారుతున్నట్టు, అంతకు తక్కువైతే మా దగ్గరే ఆగిపోతాయి. నేను రోజూ పొలానికి అటే వెళ్తాను. ఈసారి గొట్టా గేట్లు ఎత్తిన రోజు నుంచి గీత ఎక్కడుందో నీకు రోజూ సాయంత్రం చెప్తాను. ఇంజిన్ల సంగతి మా వాళ్లతో మాట్లాడతాను, మాట ఇవ్వలేను.

శివారు_రైతుబిడ్డ | సోమవారం 9:50
అన్నా, అదే చాలు. ఆ గీత లెక్క మా కాగితంలో పైనే వేస్తాం. మూడో గీత మునిగాక మా మదుముకి ఎన్ని రోజులు పడుతుందో ఈ ఖరీఫ్‌లో రాసుకుంటాను. టెక్కలి దిగువ అన్న కూడా వాళ్ల మదుము దగ్గర రాసుకుంటే రెండూ కలిపి చూద్దాం.

టెక్కలి_దిగువ | సోమవారం 10:04
రాస్తాను. మా నాన్నని విత్తనం నానబెట్టొద్దని ఇప్పుడే చెప్పాను.