బస్టాండులో, స్టేషన్లో సీసా నింపుకునే నీళ్ళ పాయింట్ ఏడాది పొడుగునా నడవాలంటే ఎవర్ని అడగాలి, ఏం అడగాలి?

గజపతి_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, ఇంట్లో తెలుగే. పని మీద పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం అన్నీ తిరుగుతూ ఉంటాను, ఎక్కువ బస్సే, అప్పుడప్పుడు రైలు. విషయం ఏటంటే ఎండలు ముదిరితే మా ఊళ్ళల్లో జలఛత్రాలు పెడతారు, మన చలివేంద్రాల్లాంటివే, పందిరి వేసి కుండలకి ఎర్రగుడ్డ చుట్టి ఒక మనిషిని కూర్చోబెడతారు, ఆ నీళ్ళు తాగితే ప్రాణం లేచి వస్తుంది. కానీ జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాయో లేదో పందిరి పీకేస్తారు. ఇంక అక్కడినుంచి మళ్ళీ మార్చి దాకా బస్టాండులో దాహం వేస్తే 20 రూపాయల సీసాయే గతి. నేను రోజూ దిగే ఒక బస్టాండులో స్టీల్ కూలర్ ఉంది, ఎవరో దాత పెట్టించారు, పాపం మంచి మనసుతోనే పెట్టించారు, ఇప్పుడు కుళాయి తిప్పితే గాలి కూడా రాదు, కింద తొట్టి నిండా గుట్కా ఉమ్ములు.

కూలి పనులకి వలస పోయేవాళ్ళు పిల్లాజెల్లాతో మూటలు పెట్టుకుని గంటలు గంటలు అక్కడే కూర్చుంటారు, నలుగురుంటే 80 రూపాయలు నీళ్ళకే, అది వాళ్ళకి ఒక పూట భోజనం. వాళ్ళు ఏం చేస్తారంటే హోటల్ వెనకాల గిన్నెలు కడిగే కుళాయి దగ్గర పట్టుకుంటారు. చూళ్ళేక అడుగుతున్నాను.

మేము కొంతమంది కుర్రాళ్ళం కలిసి ఒక అర్జీ పెడదాం అనుకుంటున్నాం, బస్టాండుకి ఒకటి, రైల్వే స్టేషన్‌కి ఒకటి. అర్జీలో "తాగునీటి సౌకర్యం కల్పించండి" అని రాస్తే మళ్ళీ ఇంకో కూలర్ తెచ్చి పెట్టి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. అలా కాకుండా సరిగ్గా ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి. ఆర్వో (నీళ్ళలో కరిగిన లవణాలు కూడా తీసేసే మెషిన్) పెట్టమనాలా, మామూలు ఫిల్టర్ చాలా, ఎన్ని కుళాయిలు కావాలి, డబ్బు ఎవరి పద్దులోంచి వస్తుంది?

రైల్వే_పెద్దాయన

బాబూ, నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను, స్టేషన్ సంగతి వరకు చెప్తాను. చిన్న హాల్ట్ నుంచి పెద్ద జంక్షన్ దాకా స్టేషన్ స్థాయిని బట్టి కనీస సదుపాయాలు ఇవీ అని రైల్వే బోర్డు రాసి పెట్టింది, అందులో తాగునీటి కుళాయిలు ఉన్నాయి. కాబట్టి దయచేసి ఇవ్వండి అని రాయొద్దు, మా స్టేషన్ ఏ కేటగిరీ, దాని ప్రకారం ఎన్ని కుళాయిలు ఉండాలి, ఎన్ని పనిచేస్తున్నాయి అని అడుగు. ఈ మూడు ప్రశ్నలూ ఆర్టీఐలో, అంటే సమాచార హక్కు చట్టం కింద పెడితే కాగితం మీద జవాబు వస్తుంది, ఆ కాగితం చేతిలో ఉంటే తర్వాత మాట్లాడ్డం తేలిక.

రెండో సంగతి, ఇది చాలామందికి తట్టదు. కుళాయిలు ఎక్కడున్నాయి అన్నది ఎన్ని ఉన్నాయి అన్నదానికంటే ముఖ్యం. మన మెయిల్, ఎక్స్‌ప్రెస్ బళ్ళకి జనరల్ బోగీలు ముందు కొన్ని, వెనక కొన్ని ఉంటాయి, నీళ్ళ కుళాయిలేమో ప్లాట్‌ఫారం మధ్యలో షెడ్డు కింద, ఏసీ బోగీలు ఆగే దగ్గర. టిట్లాగఢ్ వైపు నుంచి రాయగడ మీదుగా దిగే బళ్ళల్లో జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు, బండి రెండు నిమిషాలు ఆగితే ఆ చివర్నించి దిగి మధ్యకి పరిగెత్తి సీసా నింపుకుని మళ్ళీ ఎక్కడం అయ్యే పని కాదు, ఎక్కబోయి జారినవాళ్ళని నేను చూశాను. 2023 జులైలో రైల్వే బోర్డే జనరల్ బోగీలు ఆగే చోటుకి ఎదురుగా 20 రూపాయల భోజనం, 3 రూపాయలకి 200 మిల్లీలీటర్ల సీలు గ్లాసు నీళ్ళు అమ్మే కౌంటర్లు పెట్టమంది. అమ్మే నీళ్ళు ఎక్కడ పెట్టాలో తెలిసినప్పుడు ఉచిత కుళాయి కూడా అక్కడే పెట్టొచ్చు కదా, ఇదే మాట అర్జీలో రాయి.

ఇంక లెక్క. మామూలు కుళాయి కింద లీటరు సీసా నిండటానికి పది పదిహేను సెకన్లు పడుతుంది. రెండు నిమిషాల్లో ఒక కుళాయికి ఎనిమిది, మహా అయితే పన్నెండు సీసాలు. ప్లాట్‌ఫారం ఒక్కో చివర కనీసం ఆరు కుళాయిలు లేకపోతే తోపులాటే. విరిగిన కుళాయి కనిపిస్తే 139కి ఫోన్ చేసి గాని రైల్వే వాళ్ళ రైల్‌మదద్ యాప్‌లో గాని కంప్లైంట్ పెట్టండి, నంబరు దాచుకోండి. స్టేషన్ కన్సల్టేటివ్ కమిటీలో మీ ఊరి మనిషి ఎవరున్నారో కనుక్కుని ఆయన చేత మీటింగులో ఎత్తించండి. స్టేషన్లని కొత్తగా బాగుచేసే అమృత్ భారత్ స్కీమ్‌లో మీ స్టేషన్ ఉంటే పని నడుస్తున్నప్పుడే అడగండి, గ్రానైట్ పరిచేశాక పైపు కోసం తవ్వమంటే ఎవరూ తవ్వరు.

వాటర్‌ప్లాంట్_అన్న

నేను గుణుపురం దగ్గర చిన్న ప్లాంట్ నడుపుతాను, 20 లీటర్ల క్యాన్లు వేస్తాం. ఉచిత నీళ్ళు వస్తే నాకు కొంత బేరం పోతుంది, అయినా చెప్తాను, ఎందుకంటే బస్టాండులో చంటిపిల్లకి పాలసీసా కలపడానికి నీళ్ళు కొనాల్సి రావడం నాకు నచ్చదు.

తమ్ముడూ, ముందు ఆర్వో ఆర్వో అని అడగొద్దు. ముందు టీడీఎస్ కొలిపించు, అంటే లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో, మీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 లోపుంటే మంచిదే, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపు నీళ్ళకి ఆర్వో పెడితే డబ్బు దండగ, పైగా ఒక లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు కాలవలోకి పోతాయి, ఎన్జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడా 2019లో 500 లోపు ఉన్నచోట ఆర్వో వద్దనే చెప్పింది. అలాంటి చోట ఇసుక ఫిల్టరు, కార్బన్, యూఎఫ్ (సన్న రంధ్రాల ఫిల్టరు), యూవీ (క్రిముల్ని చంపే లైటు) చాలు, ట్యాంకులో క్లోరిన్ సరిగ్గా ఉంటే ఇంకా మంచిది. అయితే టీడీఎస్ ఒక్కటి చూసి మంచి నీళ్ళు అనేసుకోకూడదు, అందులో ఫ్లోరైడ్ కనపడదు, క్రిములు అసలే కనపడవు. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటకూడదు, అది ల్యాబ్‌లోనే తేలుతుంది. క్రిములకి హెచ్2ఎస్ సీసా అని ఉంటుంది, నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిందంటే ఆ నీళ్ళు తాగకూడదు. కుళాయి చివర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందా లేదా చుక్కల మందుతో అక్కడికక్కడే చూడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, కూలర్లు ఎందుకు చస్తాయో. మోటారు కాలిపోయి చచ్చేవి తక్కువ. మొదట ఫిల్టరు గుడ్డ మూసుకుపోతుంది, పది రూపాయల వాచర్ పోయి కుళాయి కారుతుంది, కారిన నీళ్ళు పోయే దారిలేక కింద బురదవుతుంది, బురద చూసి జనం ఉమ్ముతారు, అప్పుడు ఎవరో వెళ్ళి మెయిన్ వాల్వ్ కట్టేస్తారు, అంతే. అందుకని అర్జీలో మెషిన్ పేరు కాదు, ఏడాది మెయింటెనెన్స్ ఎవరిది అన్నది రాయించండి. ట్యాంకు నెలకోసారి కడగాలి, కడిగిన తేదీ బోర్డు మీద పడాలి, కాట్రిడ్జి మార్చిన తేదీ పడాలి, చూసుకునే మనిషి ఫోన్ నంబరు పెయింటుతో రాయాలి. కింద ఇంకుడు గుంటో కాలవో లేకుండా బిగించనివ్వొద్దు.

కుళాయి ఎత్తు కూడా చూడండి. కొన్ని కూలర్లలో కుళాయికీ తొట్టికీ మధ్య జానెడు కూడా ఉండదు, గ్లాసు పడుతుంది గాని లీటరు సీసా నిలబడదు, వంచి పడితే సగమే నిండుతుంది. కనీసం అడుగున్నర ఖాళీ ఉండాలి, ఒక కుళాయి పిల్లలకీ చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకీ అందేలా కిందకి పెట్టాలి.

రాయగడ_టీచర్

అన్నయ్య గారు చెప్పిన తేదీల బోర్డు మాట నాకు చాలా నచ్చింది, దాంతోపాటు నీళ్ళ టెస్టు రిపోర్టు కూడా అంటించమనండి. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో కంచిలి వైపు, ఉద్దానం. మా దగ్గర కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చి చెప్పలేదు, కానీ ఆ భయంతో జనం బోరు నీళ్ళు ముట్టుకోవడం మానేసి లేనివాళ్ళు కూడా క్యాన్లు కొంటున్నారు. 2023 డిసెంబర్లో హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో తెచ్చే పథకం మొదలయ్యాక కూడా మా అమ్మ చాలా రోజులు ఆ కుళాయి నీళ్ళు వంటకే వాడింది, తాగలేదు. అలాంటి మనిషి బస్టాండులో ముక్కూమొహం తెలియని కుళాయి కింద సీసా పెడుతుందా. రిపోర్టు కనపడితే పెడుతుంది. తెలుగు, ఒరియా రెండిట్లోనూ రాయాలి, కుళాయి బొమ్మ వేసి బాణం గుర్తు పెట్టాలి, ఆదివాసీ ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళల్లో చదువు రానివాళ్ళు చాలామంది.

ఇంకో మాట, ఇది మగవాళ్ళు రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. మా స్కూల్లో ఆడ టీచర్లం చాలామందిమి ప్రయాణం రోజు పొద్దున్నించి నీళ్ళే తాగం. సీసా లేక కాదు, తాగితే మధ్యలో వెళ్ళడానికి శుభ్రమైన చోటు ఉండదని. యూరిన్ ఇన్ఫెక్షన్లు, తలనొప్పులు, కళ్ళు తిరగడం మాకు మామూలైపోయింది. నీళ్ళ పాయింట్ అడిగే అర్జీలోనే తాళం వేయని, లైటూ గొళ్ళెం సరిగ్గా ఉన్న ఆడవాళ్ళ టాయిలెట్ కూడా అడగండి తమ్ముడూ, రెండూ ఒకటే పని. కుళాయి మాత్రం టాయిలెట్ గోడకి ఆనించి పెట్టనివ్వొద్దు, పైపు ఖర్చు తగ్గుతుందని అలాగే పెడతారు, వాసనకి ఒక్కరూ తాగరు.

బల్లార్షా_శీను

మాది మహారాష్ట్ర బోర్డరు, చంద్రపూర్ జిల్లా, ఎండలు మీకంటే ఎక్కువే. ఉచితం ఉచితం అంటున్నారు గాని మనిషి లేకపోతే ఏదీ నిలవదు అన్నా. 2015 నుంచి స్టేషన్లలో నీళ్ళు అమ్మే మెషిన్లు వచ్చాయి గుర్తుందా, మన సీసా మనం పట్టుకెళ్తే లీటరు 5 రూపాయలు, 300 మిల్లీలీటర్లు రూపాయి. ఒక మనిషి కూర్చునేవాడు, చల్లగా శుభ్రంగా ఉండేవి. రైల్వే వాళ్ళే అమ్మే రైల్ నీర్ లీటరు సీసా ఇప్పుడు తగ్గించాక కూడా 14 రూపాయలు, దాంతో పోలిస్తే 5 అంటే ఎవరైనా ఇస్తారు. చాలాచోట్ల మూసేశారు, అవి మళ్ళీ తెరవమని అడగండి.

రైల్వే_పెద్దాయన

శీనూ, అవి మూతపడ్డాయంటే కారణం కూడా చూడాలి కదా నాయనా. రూపాయికీ ఐదు రూపాయలకీ నీళ్ళమ్మి కరెంటు, జీతం, లైసెన్సు ఫీజు అన్నీ రాబట్టాలంటే పెద్ద స్టేషన్లోనే కుదరాలి. గుణుపురం లాంటి చోట రోజుకి వచ్చే బళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అక్కడ ఏ కాంట్రాక్టరూ ఆర్నెల్లు నిలబడడు. మెషిన్ పెడితే పెట్టనీ, కాదనను. కానీ దాన్ని చూపించి ఉచిత కుళాయి తీసేస్తే మాత్రం ఊరుకోకూడదు, జేబులో పది రూపాయలతో ఎక్కేవాడు కూడా ప్రయాణికుడే.

బరంపురం_వెంకట్

బస్టాండు సంగతి నేను చెప్తాను. ముందు స్థలం ఎవరిదో కనుక్కో, మునిసిపాలిటీదా, ఆర్టీసీదా, ప్రభుత్వ పథకంలో కొత్తగా కట్టిన ఆమ బస్‌స్టాండా. అది తేలకుండా అర్జీ పెడితే ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకుంటారు, మేము అలాగే తిరిగాం. స్థలం ఎవరిదైనా కాపీ కలెక్టర్ గారికి వెయ్యి. 1998 వడగాడ్పుల్లో ఒడిశాలో 2 వేల మందికి పైగా పోయారు, అప్పట్నించి మన రాష్ట్రంలో ఎండని తుపానుతో సమానంగా చూస్తారు, ప్రతి ఎండాకాలం ముందూ స్పెషల్ రిలీఫ్ కమిషనర్ ఆఫీసు నుంచి జలఛత్రాలు తెరవమని జిల్లాలకి ఆదేశాలు వస్తాయి. కాబట్టి ఫిబ్రవరిలోనే అర్జీ పడితే ఆ ప్లానింగులో కలుస్తుంది, ఏప్రిల్లో పెడితే ఫైలు కదిలేసరికి వానలొస్తాయి. కట్టడానికి డబ్బు కావాలంటే ఎంపీ గారి నిధి అడగొచ్చు, ఏడాదికి 5 కోట్లు ఉంటుంది, తాగునీటి పనులు అందులో చేయించొచ్చు. నడపడానికి మాత్రం ఆ డబ్బు రాదు, అది మునిసిపాలిటీ బడ్జెట్లో పద్దు పెట్టించాల్సిందే.

పూరీ పేరు కూడా అర్జీలో రాయి. 2021 జులై నుంచి అక్కడ కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చని ప్రకటించారు, యాత్రికులు రోడ్డు పక్క ఫౌంటెన్ల దగ్గర సీసాలు నింపుకుంటున్నారు. రథయాత్రకి లక్షల మంది వచ్చే ఊళ్ళో చేయగలిగినోళ్ళు మన బస్టాండు ఒక్కదాంట్లో చేయలేరా.

ఇంకొకటి, కరెంటు కూలర్ ఉన్నా కుండలు మానొద్దు. కూలర్ ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్ళీ చల్లబడ్డానికి గంట పైనే పడుతుంది, మధ్యాహ్నం మూడు బస్సుల జనం ఒక్కసారి దిగితే సగం మందికి వేడినీళ్ళే. రాయగడ, గుణుపురం వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండలో నీళ్ళు బాగా చల్లబడతాయి. మా బరంపురంలో సముద్రపు తేమ వల్ల అంత చల్లబడవు, ఇక్కడ కూలర్ తప్పదు. ఏ ఊరికి ఏది పనిచేస్తుందో చూసి అడగండి.

గజపతి_కుర్రాడు

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. ఈ ఆదివారం మావాళ్ళం కూర్చుని రెండు కాగితాలు రాస్తున్నాం, బస్టాండుది మునిసిపాలిటీకి, స్టేషన్‌ది ఆర్టీఐ. టీచర్ గారూ, టాయిలెట్ మాట మొదటి పేరాలోనే పెడుతున్నాం, ఆడవాళ్ళ సంతకాలు కూడా తీసుకుంటాం, మీ స్కూలు వాళ్ళు చేస్తామంటే కాగితం నేనే పట్టుకొస్తాను. వాటర్‌ప్లాంట్ అన్నా, ఆ హెచ్2ఎస్ సీసాలు గుణుపురంలో ఎక్కడ దొరుకుతాయి, మీ దగ్గరుంటే అర్జీ పెట్టే ముందే బస్టాండు బోరు నీళ్ళు ఒకసారి చూసేద్దాం.

వాటర్‌ప్లాంట్_అన్న

నా దగ్గరున్నాయి, ప్లాంటుకి వచ్చి పట్టుకెళ్ళు, డబ్బులొద్దు. బోరు దగ్గర ఒకటి, ట్యాంకు కింద కుళాయి దగ్గర ఒకటి, రెండు చోట్లా పట్టు. బోరుది నల్లబడకుండా ఉండి కుళాయిది నల్లబడితే తప్పు ట్యాంకులో ఉన్నట్టు, అప్పుడు కొత్త మెషిన్ అక్కర్లేదు, ట్యాంకు కడిగి క్లోరిన్ వేసి మళ్ళీ చూడాలి. పట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కో, సీసా మూత లోపలి వైపు ముట్టుకోకు.