అప్‌డేట్: సార్త్రే చదివి చర్చి మానేసిన తమ్ముడి సంగతి

దేవుడు లేడనే ఫ్రెంచి తత్వవేత్త సార్త్రేను చదివాక మా తమ్ముడు ఆదివారం ఆరాధనకు రావడం మానేశాడు, ఏం మాట్లాడాలి అని అడిగాను కదా. చాలామంది డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్‌ను చదవమన్నారు. ఇద్దరం కలిసే చదివాం.

సార్త్రే 1945 ప్రసంగంలో కాగితాలు కోసే కత్తి ఉదాహరణ ఇస్తాడు. చేసేవాడికి అదెందుకో ముందే తెలుసు. మనిషిని అలా ముందే అనుకుని చేసినవాడు లేడు, ముందు పుడతాడు, తర్వాత తన పనులతో తనేంటో తేల్చుకుంటాడు అంటాడు. బైబిల్‌తో తెగేది ఇక్కడే. అక్కడ మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డవాడు. కీర్కెగార్డ్ మాత్రం విశ్వాసే. అయినా 1843లో అబ్రాహాము కథ మీద రాస్తూ, కొడుకును బలివ్వడానికి మోరియా కొండకు వెళ్లేటప్పటి ఆ భయాన్ని తేలిగ్గా దాటేసే వాళ్లను ఏకిపారేశాడు. నాకైతే ఈయనే నచ్చాడు (మా పాస్టర్ గారికి చెప్పకండి).

తమ్ముడు ఊరుకోలేదు. "1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఎవరికి వాళ్లు ఆలోచించుకునే దిగారా నాన్నా?" అన్నాడు.

"మా తాత వాళ్ల తాత దిగాడ్రా. తర్వాత జాతరలో డప్పు కొట్టనన్నాడు. ఊరంతా కక్ష కట్టినా కొట్టలేదు. అది ఆయన తేల్చుకున్నది కాదా?" అన్నాడు నాన్న.

వాడు ఇంకా చర్చికి రావట్లేదు. క్రిస్మస్‌కి గిటార్ మాత్రం వాయిస్తాడట. ప్రార్థనలో కూర్చుంటేనే వాయించాలని నాన్న షరతు పెట్టాడు, ఇప్పుడు ఆ గొడవ నడుస్తోంది.