వంశ చరిత్ర సంఘంలో చేరాలా, ఇంటి కాగితాలు ఇంట్లోనే ఉంచుకోవాలా?

ట్రంకుపెట్టె (మద్దిలపాలెం):
విశాఖలో కొందరు కలిసి కుటుంబ చరిత్రలు వెతికే చిన్న సంఘం నడుపుతున్నారు. నెలకో ఆదివారం కూర్చుని ఒకరి పాత కాగితాలు ఒకరు చదివిపెడతారు. నన్నూ చేరమంటున్నారు. మా అన్నయ్య మాత్రం, "మన ఇంటి సంగతులు పదిమంది ముందు ఎందుకు పరుస్తావు?" అంటున్నాడు.

మా దగ్గర ఉన్నది తక్కువే. తద్దినం పెట్టేటప్పుడు నాన్నగారు చెప్పే గోత్రం, మూడు తరాల పేర్లు, మా అమ్మమ్మ ట్రంకుపెట్టె. 2014లో హుద్‌హుద్ వచ్చినరోజు కిటికీ రెక్క ఊడిపోయి ఆ పెట్టె నిండా నీళ్లు చేరాయి. రంగం (బర్మాలోని రంగూను) నుంచి వచ్చిన ఉత్తరాల కట్ట ముద్దయిపోయింది. కరెంటు లేదు. పాత పేపర్ల మధ్య ఒక్కో కాగితం పెట్టి, పైన పీటలు బరువుగా ఉంచి ఆరబెట్టాం. చదవడానికి వీలుగా నాలుగే మిగిలాయి. అవి రాసినదెవరో మా ఇంట్లో చెప్పగలిగినవారు ఇప్పుడు లేరు. చేరమంటారా?

గాజువాకవాసి:
మీ అన్నయ్యగారి మాటే సబబుగా ఉందండీ. ఇటువంటివి గోత్రంతో, ఇంటిపేరుతో మొదలై చివరికి కులసంఘాలవుతాయి. మా బంధువుల్లో ఒకాయన ఎంతో శ్రమపడి వంశవృక్షం అచ్చువేయించారు. తొమ్మిది తరాల మగవాళ్లున్నారు. మా మేనత్తలు నలుగురిలో ఒక్కరి పేరూ లేదు. వేరే కులంలో పెళ్లి చేసుకున్న మా చిన్నాన్న కూతురి పేరు రాసిన తరువాత కొట్టేశారు. ఆ కొట్టివేత చూసి మా చిన్నాన్న ఏడ్చారు. అలాంటి చరిత్ర నాకు వద్దు.

అడంగల్:
రెవెన్యూలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఒంటరిగా వెతికేవాళ్లు ఎక్కడ ఆగిపోతారో కళ్లారా చూశాను కాబట్టి చేరమనే చెబుతాను.

మొదటి చిక్కు జిల్లా దగ్గరే వస్తుంది. ముత్తాత కాగితంలో "విశాఖపట్నం జిల్లా" అని ఉంటే అది ఎక్కడైనా కావచ్చు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం కూడా ఈ జిల్లావే. 1950లో శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం ఏర్పడింది, 2022లో మళ్లీ విభజన జరిగింది. బొబ్బిలి ఉన్నచోటే ఉండి మూడు జిల్లాల్లోకి మారింది. కాగితాలు ఏ ఆఫీసులో అడగాలో తెలియక తిరిగి తిరిగి విసిగిపోయినవారు ఎందరో.

రెండోది, ఇక్కడ చాలా ఊళ్లు జమీందారీ గ్రామాలు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్లు, అంటే ఏ భూమి ఎవరిదో చూపే రిజిస్టర్లు రాశారు. అంతకుముందు సాగుచేసిన రైతు పేరు కావాలంటే ఎస్టేటు కాగితాలే దిక్కు. ఇనాం భూమి, అంటే పన్ను లేకుండానో తక్కువ పన్నుకో దానంగా ఇచ్చిన భూమి అయితే కొంత అదృష్టం. 1858లో వేసిన ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లలో అనుభవదారు ఎవరో, మొదట ఇనాం పొందినవారికి ఏమవుతాడో కూడా కనిపిస్తుంది. జనాభా లెక్కల్లో దొరుకుతుందని కొందరు ఆశపడతారు. మన దేశంలో ఇంటింటి పత్రాలను జనగణన చట్టం ప్రకారం ఎవరికీ చూపరు.

ఇవన్నీ ఒక్కరికే తెలియవు. గొలుసుకట్టు రాత చదవగలిగినవాడు ఒకడు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయడం తెలిసినవాడు ఇంకొకడు. అందుకే పదిమంది కావాలి.

గాజువాకవాసి గారూ, మీ మేనత్తల సంగతి. వాళ్లను మీ ఇంటి కాగితాల్లో మాత్రమే వెతికితే దొరకరు. పసుపుకుంకుమ కింద కూతురికి భూమి ఇచ్చిన పత్రాలుంటాయి. "నా కుమార్తె, ఫలానా వారి భార్య" అని పేరు, ఊరు అన్నీ రాస్తారు. ఆ పత్రం ఆమె అత్తవారింట్లో ఉంటుంది. వాళ్లు పెట్టె తెరిస్తేనే మీ మేనత్త పేరు బయటికొస్తుంది. మీ బంధువు ఒక్క ఇంటి కాగితాలే చూశారు కనుక ఆడవాళ్లు మాయమయ్యారు.

గాజువాకవాసి:
ఈ కోణం నాకు తట్టలేదు. కానీ కొట్టేసిన పేరును ఏ పత్రం తిరిగి రాస్తుందండీ? అది మనసులో రావలసిన మార్పు. పుట్టినవారందరి పేర్లూ రాస్తామని సంఘం ముందే ఒప్పుకుంటే తప్ప నేను రాను.

బర్మాక్యాంపు:
రంగం ఉత్తరాలు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా పెద్దలు 1942లో బాంబులకు భయపడి, ఉన్నదంతా వదిలి, చాలా దూరం నడిచి వచ్చారు. నేను వాళ్ల దారి వెతుకుతూ మా నానమ్మ గురించి ఒక సంగతి తెలుసుకున్నాను. ఆమె మా ముత్తాత కూతురు కాదు. దారిలో తల్లిని పోగొట్టుకున్న పిల్లను చేరదీసి పెంచుకున్నారు. నేను దాన్ని బంధువులందరి ముందు ఉత్సాహంగా చదివాను. నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన బాధ న్యాయమే, ముందు ఆయనకు ఒక్కడికే చెప్పి ఉండాల్సింది.

అయినా నేను సంఘాల పక్షమే. ఆ పిల్ల అసలు తల్లిదండ్రుల ఊరు నాకు మా కాగితాల్లో దొరకలేదు. వాళ్లతో కలిసి నడిచిన మరో కుటుంబం చెప్పింది. కాకపోతే బతికున్నవాళ్ల సంగతి వాళ్లను అడగకుండా బయటపెట్టకూడదు. ఈ ఒక్క నియమం లేని సంఘమైతే చేరకండి.

అడంగల్:
ఒప్పుకుంటున్నాను. ఇంకో జాగ్రత్త: అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, ఫొటో తీసి ఇవ్వండి.

ట్రంకుపెట్టె:
మీ జవాబులన్నీ అన్నయ్యకు చదివి వినిపించాను. నానమ్మ కథ విని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "ఫొటోలే కదా, సరే. అమ్మవైపు నుంచి మొదలుపెట్టు" అన్నాడు. గాజువాకవాసి గారి షరతు, బర్మాక్యాంపు గారి నియమం రెండూ కాగితం మీద రాసుకున్నాను. వచ్చే ఆదివారం చందా కట్టకముందే ఆ రెండూ అడుగుతాను.

అడంగల్ గారూ, ఈలోపు ఒక సాయం. ఒక ఉత్తరం చిరునామాలో ఊరిపేరు సగం కరిగిపోయింది. "గ" స్పష్టంగా ఉంది. పక్కన "ర" ఉంది, దాని గుడో కొమ్మో తెలియకుండా సిరా పాకింది. ఆ తరువాత మరక. గరివిడి అనుకున్నాను, గరుగుబిల్లి కూడా కావచ్చంటుంది మా అమ్మ. ఆ కాలంలో ఈ రెండింటికీ ఉత్తరాలు ఏ తాలూకా పేరుతో రాసేవారు? మరక కింద "తాలూకా" అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. దాని ముందున్న అక్షరం "బొ"లా కనిపిస్తోంది.