క్రూరుడి వేషానికి నటుడు ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న (కావలి నుంచి): ఇరవై ఏళ్లుగా నాటకాలలో సౌమ్యమైన వేషాలు వేసిన నాకు, ఒక లఘుచిత్రంలో భార్యను హింసించే భర్త పాత్ర వచ్చింది. అద్దం ముందు కళ్లెర్రజేసి ఎంత అరిచినా అది నాకే నకిలీగా తోస్తోంది. అనుభవజ్ఞులు దారి చూపగలరా?

జవాబు (నెల్లూరు): ముందు అరుపు తగ్గించండి. రంగస్థలం మీద చివరి వరుసకు చేరవలసిన కోపం, కెమెరా దగ్గరగా ఉన్నప్పుడు అతిగా కనిపిస్తుంది. ‘నర్తనశాల’ (1963)లో ఎస్.వి. రంగారావు గారి కీచకుణ్ణి గమనించండి. కోరినది తనకు దక్కి తీరుతుందన్న ధీమా ఆయన నడకలోనే ఉంటుంది. ఆ పాత్రకే జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. (మన నెల్లూరి తిక్కన గారి విరాటపర్వం చదివినా ఆ మదం ఎలాంటిదో తెలుస్తుంది.) మీ పాత్ర కూడా తనను దుర్మార్గుడిగా అనుకోడు; అన్యాయం తనకే జరిగిందని, తాను ఇంటిని చక్కదిద్దుతున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

జవాబు (కందుకూరు): పై మాట నిజమే గానీ, ఆ నమ్మకంలో మునిగి నిజంగా చెయ్యి చేసుకునేవారిని నేను చూశాను, అది నటన కాదు. దెబ్బ తగలనంత దూరం పాటిస్తే, ఆ ఎడాన్ని కెమెరా కోణం దాచిపెడుతుంది, చప్పుడు తరువాత కలుపుతారు. దెబ్బను నమ్మించేది మీ చెయ్యి కన్నా, భార్య పాత్ర వేసే ఆవిడ తల తిప్పే క్షణమే. కాబట్టి ప్రతి అడుగూ ఆవిడతో ముందుగా మాట్లాడుకుని, నెమ్మదిగా పదిసార్లు సాధన చేయండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఆవిడతో ఇంతవరకు మాట్లాడనే లేదు. ఆదివారం సాధన అక్కడి నుంచే మొదలుపెడతాను.